భుజాలు తడుముకునే మనిషి

కూతురికి జడ వేస్తూ వేస్తూ ఆమె మాట్లాడకుండా ఉండిపోయింది. కోపమొచ్చి కాదు. బడి వ్యాను తలుపు గడియ సరిగ్గా పడడం లేదని నిన్న పక్కింటావిడ అన్న మాట బుర్రలో తిరుగుతోంది. మలుపులో తలుపు తెరుచుకుంటుంది. చివర కూర్చున్న పిల్ల జారిపోతుంది. చివర కూర్చునేది తన పిల్లే, ఎందుకంటే అది ఎవరినీ జరగమని అడగదు. వెనక లారీ వస్తూ ఉంటుంది. లారీ రంగుతో సహా కనిపిస్తోంది ఆమెకి. అక్కణ్ణుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంకా అవతలికి వెళ్ళిపోయింది ఆలోచన. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి, పాయ మీద పాయ వేసుకుంటూ.

"అమ్మా, సారీ," అంది పిల్ల.

ఆమె వినిపించుకోలేదు. లారీ ఇంకా ఆగలేదు.

"నిన్న పాలు సగం సింకులో పోసేశానమ్మా. సారీ."

పాయ మీద పాయ.

"రబ్బరు పోలేదు. నేనే ఇచ్చేశా. సారీ." కాసేపాగి, ఈసారి ఇంకా చిన్న గొంతుతో, "నాయనమ్మ కళ్ళజోడు మీద కూర్చుంది నేనే."

ఆమె చేతులు ఆగిపోయాయి. కళ్ళజోడు మీద కూర్చుంది వాళ్ళ నాన్న. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కూర్చున్న మనిషే నవ్వుతూ చెప్పుకున్నాడు.

"అది నువ్వు కాదుగా! ఏంటే పొద్దున్నే ఈ సారీలు?"

"నువ్వు మాట్లాడట్లేదుగా," అంది తొమ్మిదేళ్ళ పిల్ల, తల తిప్పకుండానే. "ఏది చెబితే మాట్లాడతావో తెలీక అన్నీ చెబుతున్నా."

జడ సగంలోనే ఉంది. వ్యాను హారను మోగింది. ఆమె ఎలాగో రబ్బరు బ్యాండు బిగించి, పిల్లని మెట్లు దింపి, వ్యాను గడియ తన చేత్తో తానే మూడుసార్లు లాగి చూసి పంపించింది. పైకి వచ్చి ఖాళీ మంచం మీద కూలబడింది. ఆ మాట పిల్లది కాదు. తనది. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుని తిరిగిన మాట ఈ పిల్ల నోట్లోకి ఎలా వచ్చింది? తాను కొట్టలేదే, కసరలేదే, కడుపులో పెట్టుకు చూసుకుంటోందే. పక్కపక్కన పడుకుంటే పేలు ఒక తలలోంచి ఇంకో తలలోకి పాకినట్టు ఇది కూడా పాకుతుందా?

ఆమె తల్లి కూడా కొట్టిన మనిషి కాదు. తిట్టిన మనిషీ కాదు. 'ఆవిడ నోట్లోంచి ఒక్క చెడ్డ మాట రాదమ్మా' అని వీధంతా మెచ్చుకునేది. నిజమే. కోపం వస్తే మంచి మాట కూడా వచ్చేది కాదు. కూతురున్న గదిలో కూతురు లేనట్టే తిరిగేది. కంచాలు వేసేటప్పుడు మొగుడికి వేసేది, కొడుక్కి వేసేది, తనకి వేసుకునేది. "అమ్మా, నాకు?" అని పిల్ల అడిగితే కొడుకు వైపు తిరిగి, "ఎవరైనా పిలిచారారా? గాలేమో," అనేది. పైగా నవ్వుతూ అనేది, చూసేవాళ్ళకి ఆటలా ఉండేది. తండ్రి తల వంచుకుని తినేసి లేచిపోయేవాడు. అన్న మాత్రం తన కంచంలోంచి ఇంత తీసి మోకాలి కింద నుంచి అందించేవాడు. చప్పుడు కాకుండా నమలడం ఆమెకి అక్కడే అబ్బింది. "మా కోడలు తింటుంటే పక్కనున్నవాళ్ళకి కూడా తెలీదు, పిల్లి నడిచినట్టుంటుంది," అని అత్తగారు ఇప్పటికీ చుట్టాలకి చెబుతుంది. ఆవిడ దాన్ని పెంపకం గొప్పతనం అనుకుంటుంది.

ఏ తప్పుకి ఆ శిక్షో తల్లి చెప్పేది కాదు. కనుక్కోవాల్సింది పిల్లే. అందుకని పిల్ల తల్లి వెనకాలే గదులన్నీ తిరుగుతూ తప్పులు ఒప్పుకునేది. చేసినవి అయిపోతే చేయనివి. గ్లాసు పగలగొట్టానంది, పగిలిన గ్లాసే లేని ఇంట్లో. బళ్ళో దొంగతనం చేశానంది. దేవుణ్ణి తిట్టానంది. పూటో, రెండు రోజులో, వారమో గడిచాక ఏదో ఒక తప్పు తాళంచెవిలా సరిపోయేది. తల్లి దగ్గరకి తీసుకుని, తల నిమిరి, "ఇదేదో ముందే చెప్పి ఉంటే ఇంత ఉండేదా?" అనేది. ఆ నిమరడం కోసం ఆ పిల్ల ఊరందరి తప్పులూ నెత్తిన వేసుకునేది.

అలా పెరిగిన మనిషి గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోక ఏం చేస్తుంది? సామెతలో భుజాలు తడుముకున్నవాడు నిజంగా దొంగ. ఈమె ఆ గుమ్మడికాయ మొహం కూడా చూసి ఉండదు.

ఆమె పనిచేసేది పెద్దాసుపత్రి వెనక, బట్టలుతికే విభాగంలో. వార్డుల నుంచి మూటలొస్తాయి. వాటిని విప్పి, విడదీసి, మెషీన్లలో ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ రోలరు మీద నుంచి మడత బల్ల దగ్గరికి పంపుతారు. దుప్పటి మడత ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి నాలుగు కొసలూ పట్టుకుని, ఒక్క గుంజు గుంజి, దగ్గరికి నడిచి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి నడవాలి. ఆమెకి ఎదురు నిలబడేది బొంగురక్క. మెషీన్ల చప్పుడు మీద అరిచి అరిచి ఆవిడ గొంతు అలా అయింది, అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఈమెకీ అక్కడ ఒక పేరుంది: నేనేసార్.

"మరక పోకుండా ఈ దుప్పటి పైకి ఎవరు పంపారు?" అని సూపర్‌వైజరు అడిగి జవాబు కోసం కాస్త ఆగితే చాలు. ఆ ఆగడాన్ని ఆమె భరించలేదు. గొంతులోకి ఏదో ఎగదన్నుకొస్తుంది. "నేనే సార్," అనేస్తుంది. అప్పటికి ఆమె ఆ దుప్పటి ముట్టుకుని కూడా ఉండదు. శిక్ష కింద మూటలు విప్పే గదిలో వేస్తారు. అక్కడ వాసన ముక్కుకి కాదు, నాలుకకి అంటుకుంటుంది. మూటలో సూది కూడా రావచ్చు. అది గుచ్చుకుంటుంది, ఏదో మాయరోగం అంటుకుంటుంది, పిల్ల తల్లి లేనిదవుతుంది, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడు, ఆ వచ్చేది పిల్లకి కంచం వేయదు. విప్పే ప్రతి మూటకీ ఇంత కథ నడుస్తుంది. అసలు తప్పు ఈమెది కాదని సూపర్‌వైజరుకీ తెలుసు. దోషి తేరగా దొరుకుతుంటే వెతికే శ్రమ ఎవరికి కావాలి?

ఆ రోజు దుప్పట్లు మడుస్తూ పొద్దున జరిగింది బొంగురక్కకి చెప్పింది. దగ్గరికి నడిచినప్పుడు ఒక ముక్క, వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో ముక్క. అంతా విని బొంగురక్క కొసలు వదల్లేదు.

"పైన మాట్లాడే గది ఒకటుంది, తెలుసా? మా చెల్లి మొగుడు పోయి అది గోడలకి తల బాదుకుంటుంటే నేనే లాక్కెళ్ళా. మనలాంటి పనివాళ్ళని ఊరికే చూస్తారు. పోయి కూర్చో."

"పిచ్చిదాన్ని అనుకుంటారక్కా."

"ఇప్పుడేదో మహారాణి అనుకుంటున్నట్టు! నేనేసార్ అంటున్నారే నిన్ను. దానికన్నా పిచ్చే నయం."

"ఎవరైనా చూస్తే?"

"చూస్తే చూశారు. నీ కోసం వెళ్ళవని నాకు తెలుసు. పిల్ల కోసం వెళ్ళు."

ఆ చివరి మాటకి వెళ్ళింది. పిల్ల తనలా కాకూడదు. అదొక్కటే ఆమెకి కావలసింది. తన సంగతి ఎలాగూ తెల్లారిపోయిందనుకుంది.

గదిలో రెండు కుర్చీలు, ఒక కిటికీ, చప్పుడు చేసే ఫ్యానూ ఉన్నాయి. కౌన్సెలరమ్మ తనకన్నా చిన్నది. జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది. "చెప్పండి," అని ఊరుకుంది. ఈమెకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ మాట్లాడలేదు. ఇంకా మాట్లాడలేదు.

"ఆసుపత్రి సబ్బు పొడి ఇంటికి పట్టుకెళ్తుంటాను మేడమ్," అంది ఈమె.

ఆవిడ తలూపింది. మాట్లాడలేదు.

"ఒక దుప్పటి కూడా. పాతదే. మా అత్తగారికి మందు వేయడం మర్చిపోయి వేశానని చెప్పా. మొన్న కళ్ళజోడు మీద కూర్చున్నదీ నేనే."

ఈవిడ ఇది పైవాళ్ళకి చెబుతుంది. ఉద్యోగం పోతుంది. పోలీసులొస్తారు. దొంగ కూతురని పిల్లని బడిలో వెలివేస్తారు. తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకుంది.

"ఇవన్నీ నిజంగా జరిగాయా?" అని మెల్లగా అడిగింది కౌన్సెలరమ్మ.

"లేదు మేడమ్."

"మరి ఎందుకు చెప్పారు?"

"మీరు మాట్లాడట్లేదు కదా..." అంది, అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పొద్దున సగం జడతో కూర్చుని ఇదే మాటన్న చిన్న మెడ కళ్ళముందు కదిలింది.

"మీరు ఆలోచించుకుంటారని ఆగాను," అంది ఆవిడ. "అంతే. నాకు మీ మీద కోపం లేదు."

ఆ మాట చిన్నదే. కానీ ఆమె దాన్ని నమ్మడానికి నెలలు పట్టింది. మనిషి ఊరికే కూడా మాట్లాడకుండా ఉండవచ్చని, ఎదుటివాళ్ళ మౌనంలో తన పేరు రాసి ఉండనక్కర్లేదని అంతకుముందు ఎవరూ ఆమెకి చెప్పలేదు. మెట్లు గబగబా దిగింది. మళ్ళీ రాకూడదనుకుంది. మళ్ళీ వారం వచ్చింది.

ఇంట్లో తెలియనే తెలిసింది. "మాట్లాడ్డానికి డాక్టరా? ఇంట్లో మనుషుల్లేరా మాట్లాడ్డానికి?" అన్నాడు ఆయన, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా. టైర్ల కొట్టులో పొద్దస్తమానం గిరాకీలతో మాట్లాడి అలిసిపోతాడు కాబట్టి ఇంట్లో మాట్లాడే ఓపిక ఉండదని పెళ్ళైన కొత్తలోనే చెప్పేశాడు. అత్తగారు ఇంకో మాటంది: "మా రోజుల్లో మనసుకి రోగాలెక్కడివమ్మా! ఒంటికి రోగమొస్తేనే పడుకోడానికి తీరిక ఉండేది కాదు." అని ఊరుకోక, "మా తల్లి నన్ను నూతిలో దూకమని రోజూ తిట్టేది, నేను బానే ఉన్నాగా?" అని కూడా అంది. అంటున్నప్పుడు ఆవిడ పైట కొసని వేలికి చుట్టి విప్పుతూ, చుట్టి విప్పుతూ ఉంది. ఆ వేలు వైపు ఈమె చాలాసేపు చూసింది. మాట్లాడే గదికి వెళ్ళిన రోజున ఇంటికి రావడం ఆలస్యమయ్యేది. అంట్లు అలాగే ఉండేవి, ఆరిన బట్టలు దండెం మీదే ఉండేవి, నీళ్ళ బిందె అడుగంటి ఉండేది. ముగ్గురూ ఆకలితో ఆమె చేతుల వైపు చూస్తూ ఉండేవారు. ఎవరూ తిట్టలేదు. "రావాలనిపించిందా?" అన్నాడాయన ఒక్కసారి. అంతే. ఆ ఒక్క మాటకి ఆమె ఆ పూట కూరతో పాటు రేపటి కూర కూడా చేసింది.

బాగుపడాలని వెళితే మొదట ఇంకా పాడైంది. అంతవరకు నిద్రపోతున్నవేవో లేచాయి. దుప్పటి మడుస్తూ మడుస్తూ ఏడుపొచ్చేది. కంచం చప్పుడు వింటే గుండె దడదడలాడేది. ఒకనాడు తల్లి మీద కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి. ఆ కోపానికి తనకే భయమేసి, తల్లికి ఏదో అయిపోతుందని వణికిపోయి, అన్నకి ఫోను చేసి అమ్మ ఎలా ఉందని అడిగింది. "నిక్షేపంలా ఉంది. ఏమే, పీడకలొచ్చిందా?" అన్నాడు అన్న. ఈ సంగతి చెబితే కౌన్సెలరమ్మ నవ్వలేదు. "మీ కోపం వల్ల ఎవరూ చచ్చిపోరు," అంది. "అది చిన్నపిల్లకి తెలీదు. మీలో ఆ చిన్నపిల్లకి ఎవరో ఒకరు చెప్పాలి." ఈమెకి అది అర్థం కాలేదు. చిన్నపిల్లని ఇంటి దగ్గర వదిలి వచ్చాను కదా అనుకుంది.

ఒక వారం కౌన్సెలరమ్మ ఆలస్యంగా వచ్చింది. పరుగెత్తుకుంటూ వచ్చి, "క్షమించండి, మిమ్మల్ని కూర్చోబెట్టేశాను. నాదే తప్పు," అంది.

ఈమె కుర్చీలోంచి లేచిపోయింది. "అయ్యయ్యో, మీదేం తప్పు మేడమ్! నేనే ముందొచ్చేశాను."

ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "మీరు సరిగ్గా వేళకే వచ్చారు. ఆలస్యమైంది నాకు. ఈ ఒక్క తప్పు నా దగ్గరే ఉండనివ్వండి. మీరు తీసుకెళ్ళకండి."

ఆ రోజంతా ఆ మాట చుట్టూ తిరిగింది ఆమె. తనకన్నా పైమెట్టు మీదున్న మనిషి తప్పు తనదని చెప్పి, చెప్పాక కూడా అదే మనిషిగా, అదే కుర్చీలో, ముక్కు చీదుకుంటూ కూర్చుని ఉంది. భూమి బద్దలవలేదు. ఇంటికొచ్చాక పిల్ల బడిసంచీ గుమ్మానికి అడ్డంగా పడేస్తే, అలిసిపోయి ఉన్న ఆమె గట్టిగా అరిచింది. ఆ అరుపు వెనకాలే తన నోరు మూసుకుపోవడం, ఆ పాత మౌనం మెల్లగా లోపల తలుపులేసుకోవడం ఆమెకే తెలిసింది. ఇన్నేళ్ళూ అలా మూసుకుపోవడాన్ని ఓర్పు అనుకుంది తాను. పిల్ల మొహంలో రంగు పోయింది. సారీ అనబోతోంది. ఆమె తొందరగా కింద కూర్చుంది.

"అంత గట్టిగా అరవాల్సింది కాదు. పని చేసి అలిసిపోయి నీ మీద అరిచాను. నాదే తప్పు. సంచీ తీసి పక్కన పెట్టు, అంతే."

పిల్ల నమ్మలేదు. "నేనే..." అని మొదలుపెట్టింది.

"నువ్వు కాదు. నేను."

లోపల గదిలోంచి ఆయన కేక వేశాడు: "పిల్లకి సారీ చెప్పే తల్లిని నిన్నే చూస్తున్నా! నెత్తినెక్కి కూర్చుంటుంది, అప్పుడు తెలుస్తుంది." అత్తగారు కూడా వంత పాడింది. ఆమె పిల్ల దగ్గరే కూర్చుంది. అప్పట్నుంచి తనకి ఆలోచనలొచ్చి మాట ఆగిపోయినప్పుడల్లా పిల్లకి చెప్పడం నేర్చుకుంది: "కోపం కాదు. వ్యాను గురించి భయపడుతున్నా." "కోపం కాదు. తలనొప్పి." మొదట్లో పిల్ల అనుమానంగా చూసేది. కొన్నాళ్ళకి "మళ్ళీ వ్యానేనా?" అనడం మొదలుపెట్టింది.

పనిలో ఒకరోజు కొత్త దుప్పటి ఒకటి రోలరులో చిరిగింది. సూపర్‌వైజరు దాన్ని ఎత్తి పట్టుకుని, "ఎవరిదీ పని?" అని ఆగాడు. ఆగి, అలవాటుగా ఈమె వైపు చూశాడు. ఎదురుగా బొంగురక్క దుప్పటి కొసలు బిగించి పట్టుకుంది. ఇటు ఈమె పట్టుకుంది. గొంతులోకి అదే ఎగదన్నుకొస్తోంది. వీళ్ళందరూ నన్ను వదిలేస్తారు, నేను గాలినైపోతాను.

"ఏం నేనేసార్, ఇవ్వాళ ఒంట్లో బాలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"నేను కాదు సార్," అంది.

గొంతు పగిలిన కుండలా వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. సూపర్‌వైజరు కాసేపు చూసి, "సరే, ఎవరో చెప్పేదాకా నువ్వే మూటల గదికి పో," అన్నాడు. తప్పు ఒప్పుకున్నా అదే గది, ఒప్పుకోకపోయినా అదే గది. కథల్లోలా న్యాయం ఏమీ జరగలేదు. వాసన అంతే ఉంది, సూదుల భయం అంతే ఉంది. ఒక్కటే తేడా. గదిలోకి ఆమె ఒక్కతే వెళ్ళింది. తప్పు వెంట రాలేదు.

ఆ ధైర్యంతోనే తల్లికి ఫోను చేసి అడగరానిది అడిగింది. "ఆవిడ జవాబు చెప్పకపోతే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి," అని కౌన్సెలరమ్మ అననే అంది. ఈమె ఆలోచించుకోలేదు. "అమ్మా, చిన్నప్పుడు నాకు కంచం వేసేదానివి కాదు, ఎందుకని?" అనేసింది. అటు నుంచి ఊపిరి వినబడింది, తర్వాత అదీ లేదు. ఆ రోజు నుంచి తల్లి ఫోను తీయలేదు. ఫోను పట్టుకున్న ప్రతిసారీ ఒప్పుకోలు మాటలు నోటి దాకా వచ్చేవి. చెప్పడానికి అటువైపు ఎవరూ లేకపోవడం వల్లే కొన్నాళ్ళు నెగ్గుకొచ్చింది, తన గొప్పతనం వల్ల కాదు.

వర్షాలు మొదలయ్యాక అన్న ఫోను చేశాడు. అమ్మ మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది, ఆపరేషను అయింది. ఆమె ఎప్పుడూ భయపడే ఫోను అదే. తన కోపమే తోసేసిందని ఒక్క క్షణం గట్టిగా నమ్మింది కూడా. తర్వాత మెట్లు తడిగా ఉన్నాయన్న సంగతి అన్న నోటే విని, ఆ మాటని గట్టిగా పట్టుకుంది. మెట్లు తడిగా ఉన్నాయి. "రెండు పూటలకి వండి పెట్టి వెళ్ళు," అన్నాడాయన. వండి పెట్టి, పిల్లని తీసుకుని బస్సెక్కింది.

వార్డులో తల్లి తెల్లటి దుప్పటి కింద చిన్నగా ఉంది. మనవరాల్ని చూసి నవ్వింది, దగ్గరికి పిలిచి బుగ్గ నిమిరింది. కూతురి మీదికి చూపు వచ్చేసరికి అది గోడ మీద నుంచి జారినట్టు జారి కిటికీ వైపు వెళ్ళింది. మందులివ్వడానికి వచ్చిన నర్సు, "పెద్దమ్మా, పిల్లలెంతమంది?" అని మాటవరసకి అడిగింది.

"ఒక్కడే తల్లీ," అంది తల్లి. "వాడే చూసుకుంటాడు."

నర్సు వెళ్ళిపోయింది. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ ఆమె అలాగే నిలబడింది. అన్న ఆమె చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చాడు. జుట్టు నెరిసింది వాడికి. కళ్ళలోకి చూడలేకపోతున్నాడు.

"ఒక్క సారీ చెప్పెయ్యవే. ముసలి ప్రాణం. నీ సొమ్మేం పోయింది?"

"దేనికన్నయ్యా?"

"దేనికో దానికి. నీకు కొత్తా?" అన్నాడు. అన్నాక ఆ మాట వాడికే నచ్చలేదు. "నా వల్ల కావట్లేదే. నేనే మిగిలాను ఆవిడకి. నాతో మాట్లాడడం మానేస్తే నేనెక్కడికి పోను?" అని వరండా కడ్డీ పట్టుకుని అటు తిరిగాడు. ఇన్నాళ్ళూ వాడికి కంచం ఉంది, వాడికేం అనుకుంది ఆమె. ఆ కంచం ముందు వాడు ఎంత భయంతో కూర్చున్నాడో ఇప్పుడు కనిపించింది.

లోపలికి వెళ్ళింది. తల్లి కింద దుప్పటి ముడతలు పడి వీపుకి ఒత్తుకుంటోంది. అది ఆమెకి తెలిసిన పని. మనిషిని కదపకుండా, ఒక పక్క నుంచి లాగి, కొసలు పరుపు కిందికి దోపి, చదును చేసింది. తల్లి కట్టెలా ఉండిపోయింది. మంచి నీళ్ళు అందేంత దగ్గరగా పెట్టింది. పాదాలు తుడిచింది. పని అయిపోయాక నిలబడితే, పాత మౌనం మంచం మీద నుంచి లేచి ఆమె మీదికి వచ్చింది. నాలుక మీద తప్పులన్నీ వరస కట్టాయి. ఫోనులో అలా అడగడం నా తప్పమ్మా. రాకపోవడం నా తప్పు. పుట్టడం నా తప్పు. ఏదో ఒకటి సరిపోతుంది. ఇప్పటికీ సరిపోతుంది. ఆ చెయ్యి వచ్చి తల నిమురుతుంది. ఆ నిమరడం ఎలా ఉండేదో ఆమె నెత్తికి ఇంకా గుర్తుంది.

మంచం పక్కన స్టూలు మీద పిల్ల కాళ్ళూపుతూ కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"వెళ్ళొస్తానమ్మా," అంది ఆమె. కాసేపు ఆగింది. జవాబు రాలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. గుమ్మం దాటాక గోడ పట్టుకుని నిలబడింది. తల్లి చచ్చిపోతుందని, ఇదే ఆఖరి చూపని, దీనికి తాను బతికినన్నాళ్ళూ ఏడవాల్సి వస్తుందని భయపడింది. ఆ భయం ఎక్కడికీ పోలేదు. ఆమెతో పాటే బస్సెక్కింది.

బస్సు ఊరు దాటింది. వాన జల్లు కిటికీ అద్దం మీద అడ్డంగా పరిగెడుతోంది. పిల్ల చాలాసేపు ఏదో లెక్క తేలనట్టు కూర్చుని, చివరికి అడిగింది.

"అమ్మమ్మ ఒక్కడే అందేంటి? నువ్వున్నావుగా."

"ఊఁ."

"నీతో మాట్లాడలేదు కూడా. ఏం చేశావమ్మా నువ్వు?"

అమ్మమ్మకి ఒంట్లో బాలేదనవచ్చు. మందుల మత్తు అనవచ్చు. పెద్దవాళ్ళ సంగతులు నీకెందుకు అనవచ్చు. అబద్ధాలు అన్నీ సిద్ధంగానే ఉన్నాయి, ఆమె వాటిలోనే పెరిగింది. పిల్ల మొహంలోకి చూసింది. ఆ మొహం తల్లి తప్పు కోసం వెతుకుతోంది, ఏదో ఒకటి ఉండే ఉంటుందన్నట్టు, దొరికితే అంతా సర్దుకుంటుందన్నట్టు.

"ఏమీ చేయలేదు," అంది.

పిల్ల ఆలోచించింది. "ఇప్పుడు కాదు. చిన్నప్పుడు?"

బస్సు గతుకులో పడి లేచింది. ఆమె పిల్ల చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. ఆ మాట ఆమె ఎవరి దగ్గరా, ఆ పైగదిలో కూడా, ఇంతవరకు పైకి అనలేదు.

"చిన్నప్పుడు కూడా ఏమీ చేయలేదమ్మా."